క్లాసుకు గీత ఎక్కడ గీయాలి?

సభకు నమస్కారం.

ఊప్స్, అంటే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్, అనగానే మన విద్యార్థులు నాలుగు మాటలు గడగడా అప్పజెబుతారు: ఎన్‌క్యాప్సులేషన్, అబ్‌స్ట్రాక్షన్, ఇన్‌హెరిటెన్స్, పాలిమార్ఫిజం. నాలుగేళ్లు ఇంజనీరింగ్ కళాశాలలో చదివినవారైనా, అమీర్‌పేటలో రెండు నెలలు జావా నేర్చుకున్నవారైనా ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నకు తడుముకోరు. అదే అభ్యర్థి ముందు ఒక తెల్ల కాగితం పెట్టి, ఫలానా వ్యవహారానికి ఏయే క్లాసులు (డేటానూ దానిమీద చేసే పనులనూ ఒకచోట కట్టే మూసలు) కావాలో, ఏ పని ఏ క్లాసులో ఉండాలో రాయమంటే మాత్రం కలం ఆగిపోతుంది. తప్పు వారిది కాదు. ఆ నాలుగు మాటలూ భాష మనకిచ్చే పనిముట్ల పేర్లు. ఉలి, బాడిస, రంపం, చిత్రిక అని పేర్లు చెప్పగలిగినంత మాత్రాన ద్వారబంధం కుదరదు.

అందుకని ఈ రోజు నేను ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాను: క్లాసుకు సరిహద్దు ఎక్కడ? నా జవాబు ముందే చెప్పేస్తాను. మీ వ్యవహారంలో ఎప్పుడూ చెడిపోకూడని నియమం ఒకటుంటుంది. ఆ నియమం నిలబడిందో లేదో తేల్చడానికి ఎంత డేటా కావాలో అంత డేటానూ, ఆ డేటాను మార్చే అధికారాన్నీ ఒకే చోట చేర్చి, చుట్టూ గీత గీస్తే అదే క్లాసు. డేటా ఒకచోట, అధికారం ఇంకోచోట ఉంటే కాగితం మీద క్లాసులు కనబడతాయి గానీ నియమానికి కాపలా ఉండదు.

క్లాస్ అనే మాట ప్రోగ్రామింగులోకి నార్వే నుంచి వచ్చింది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఒలె యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు 1960లలో సిములా భాషను తయారుచేశారు. క్లాసులు, వాటినుంచి పుట్టే సబ్‌క్లాసులు ఉన్నది సిములా 67లో. వారి అవసరం సిమ్యులేషన్. వరుసలో నిలబడ్డ వాహనాలు, ఓడరేవులో ఓడలు, కర్మాగారంలో యంత్రాలు ఎలా నడుస్తాయో కంప్యూటరులో నడిపి చూడాలన్నది వారి ఉద్దేశం. ప్రతి వస్తువూ తన స్థితిని తన దగ్గరే ఉంచుకొని, తన నడతను తానే నడుపుకొనేలా రాయడం అక్కడ మొదలైంది. కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తూ సిములా వాడిన బ్యార్నె స్ట్రూస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో సీ భాషకు క్లాసులు జోడించే పని మొదలుపెట్టారు. అదే తరువాత సీ ప్లస్ ప్లస్ అయింది. దాల్, నీగార్డ్‌లకు కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం 2001 సంవత్సరానికి దక్కింది. మరుసటి ఏడాదే ఇద్దరూ కొన్ని వారాల తేడాతో కన్నుమూశారు. ఈ చరిత్రలో మనం పట్టుకోవలసినది ఒక్కటే. క్లాసు పుట్టింది డేటాను మోసే సంచిగా కాదు, నడత ఉన్న వస్తువుగా.

అయితే గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నకు అసలైన జవాబు సిములా నుంచి రాలేదు. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నస్ రాసిన ఒక చిన్న వ్యాసం నుంచి వచ్చింది. ఆయన తీసుకున్న ఉదాహరణ సాదాసీదాది: కొన్ని శీర్షికలు చదివి, ఒక్కొక్క శీర్షికలోని పదాలను వంతులవారీగా ముందుకు తిప్పి, వచ్చిన పంక్తులన్నిటినీ అక్షరక్రమంలో అచ్చువేసే ప్రోగ్రాము. దాన్ని ఆయన రెండు రకాలుగా ముక్కలు చేసి చూపించారు. మొదటిది మనమందరం చేసే పద్ధతి: చదవడం ఒక మాడ్యూలు, తిప్పడం ఒకటి, క్రమంలో పెట్టడం ఒకటి, అచ్చువేయడం ఒకటి. ఫ్లోచార్టులోని ఒక్కొక్క గడి ఒక్కొక్క మాడ్యూలు అయింది. కాని పంక్తులు మెమరీలో ఎలా నిలవ ఉన్నాయో ఆ మాడ్యూళ్లన్నిటికీ తెలియాలి. నిలవచేసే పద్ధతి మారిందంటే అన్నిటినీ ముట్టుకోవాలి. రెండో పద్ధతిలో ఒక్కొక్క మాడ్యూలు ఒక్కొక్క నిర్ణయాన్ని తనలో దాచుకుంటుంది. పంక్తులు ఎలా నిలవ ఉన్నాయో ఒక్క మాడ్యూలుకే తెలుసు. తక్కినవి దాన్ని అడిగి తెలుసుకుంటాయి. పని జరిగే వరుసను బట్టి కాకుండా, రేపు మారగల నిర్ణయాలను బట్టి గీతలు గీయమన్నది పార్నస్ సలహా. యాభై ఏళ్లు దాటినా మన ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం ఆ మొదటి పద్ధతిలోనే నడుస్తున్నాయి.

ఇక మనకందరికీ తెలిసిన వ్యవహారం ఒకటి తీసుకుందాం. చిట్టీ వేయని తెలుగు ఇల్లు అరుదు కాబట్టి చిట్టీనే తీసుకుంటున్నాను. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000 రూపాయల చందా. మొదటి నెల తప్ప ప్రతి నెలా పాట ఉంటుంది. డబ్బు అవసరం ఎక్కువున్నవారు ఎక్కువ తగ్గించుకొని పాడతారు. ఏడో నెలలో ఒకరు 25,000 తగ్గించుకొని పాడుకున్నారనుకుందాం. వారి చేతికి 75,000 వస్తుంది. తగ్గిన 25,000లో చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్ చిట్టీ విలువ మీద 5 శాతం చొప్పున 5,000 పోతుంది. మిగిలిన 20,000 ఇరవై మందికీ తలా వెయ్యి డివిడెండుగా వస్తుంది. అంటే ఆ నెల ఒక్కొక్కరు కట్టవలసింది నాలుగు వేలే. ఇరవై నాలుగులు ఎనభై. అందులో 75 వేలు పాడినవారికి, 5 వేలు ఫోర్‌మన్‌కు. లెక్క సరిపోయింది.

ఈ సరిపోవడమే మన నియమం. ఏ నెల చూసినా వసూలు కావలసిన మొత్తం, పాడినవారికి ఇచ్చే మొత్తానికీ కమీషనుకూ కలిపి సరిగ్గా సమానం కావాలి. దానికి తోడు మరి కొన్ని: ఒకసారి పాడుకున్న చిట్టీని మళ్లీ పాడకూడదు, ఎన్ని నెలలో అన్ని టికెట్లే ఉండాలి, మిగతా వాయిదాలకు జామీను ఇవ్వకుండా పాడినవారికి డబ్బు చేతికి రాకూడదు. క్లాసులు గీయడం మొదలుపెట్టకముందే ఇలాంటి వాక్యాలను మామూలు తెలుగులో ఒక కాగితం మీద రాసుకోండి. నామవాచకాలను ఏరి క్లాసులు చేయండి, క్రియలను ఏరి మెథడ్లు, అంటే క్లాసు చేసే పనులు, చేయండి అని పాఠాల్లో చెబుతారు. నా అనుభవంలో ముందు ఏరవలసినవి ‘కాకూడదు’, ‘ఉండాలి’ అని ముగిసే వాక్యాలు.

చాలా ఏళ్ల కిందట నేను బాగుచేయవలసి వచ్చిన ఒక చిట్టీ ప్రోగ్రాములో ఇలా ఉండేది. సభ్యుడు అనే క్లాసులో పేరు, ఫోన్ నంబరు, కట్టిన మొత్తం, పాడుకున్నాడా లేదా అనే ఒక బూలియన్. చిట్టీ అనే క్లాసులో విలువ, నెలలు, సభ్యుల జాబితా. ఫీల్డులన్నీ, అంటే ఆ విలువలన్నీ, ప్రైవేటే, బయటి కోడుకు నేరుగా అందవు; ఒక్కొక్క దానికి విలువ చదివి చెప్పే ఒక గెట్టరు, విలువ మార్చే ఒక సెట్టరు. ఎడిటరులో ఒక్క మెనూ నొక్కితే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయి కాబట్టి ఎవరూ ఆలోచించలేదు. అసలు పనంతా చిట్ మేనేజర్ అనే మూడో క్లాసులో, వేల పంక్తుల్లో. చూడటానికి ఎన్‌క్యాప్సులేషన్ ఉన్నట్టే ఉంటుంది. కాని ఫీల్డును ప్రైవేటు చేసి దానికి పబ్లిక్ సెట్టరు పెట్టడమంటే, తలుపుకు తాళం వేసి తాళంచెవిని గుమ్మానికే తగిలించి వెళ్లడం. సాఫ్ట్‌వేరు రచయిత మార్టిన్ ఫౌలర్ 2003లో ఇలాంటి డిజైనుకు రక్తహీనత అని పేరు పెట్టారు; మనిషి ఆకారం ఉంటుంది, ఒంట్లో నెత్తురుండదు.

ఆ ప్రోగ్రాములో జబ్బు ఎలా బయటపడిందంటే, పొరపాట్లు దిద్దడానికని ఎవరో ఒక చిన్న తెర చేర్చారు. అది చిట్ మేనేజర్ జోలికి పోకుండా నేరుగా సభ్యుడి బూలియన్‌ను మార్చేది. ఒక సభ్యురాలు పాడుకున్నట్టు నమోదైంది. ఆ నెల పాట మాత్రం నమోదు కాలేదు. మూడు నెలల తరువాత పాటలకు మిగిలిన నెలలూ, పాడవలసిన సభ్యులూ ఒకదానికొకటి సరిపోలేదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి ఆ సెట్టరును పిలిచే చోట్లన్నీ చూడవలసి వచ్చింది. తెర రాసినవారిని నిందించి లాభం లేదు. నియమం చిట్ మేనేజర్‌లో ఉంది, డేటా సభ్యుడిలో ఉంది. మధ్యలో ఎవరైనా దూరవచ్చు.

దానికంటే లోతైన తప్పు ఇంకొకటి ఉంది, అది చాలా రోజులు నా కంటికి కూడా ఆనలేదు. చిట్టీ కార్యాలయంలో కాసేపు కూర్చుంటే ‘ఆయన ఇందులో రెండు టికెట్లు వేశారు’ అన్న మాట వినబడుతుంది. ఒకే గ్రూపులో ఒకే మనిషి రెండు టికెట్లు తీసుకోవచ్చు. అంటే నెలకు రెండు చందాలు కడతారు, రెండుసార్లు పాడుకోవచ్చు. ఇంకోవైపు, పాడకుండానే వాయిదాలు ఎగ్గొట్టినవారిని తొలగించి, ఆ స్థానంలో కొత్తవారిని చేర్చుకోవడానికి చట్టం వీలిస్తుంది. అప్పుడు టికెట్ అదే, మనిషి మారతాడు. కాబట్టి పాడుకోవడం అన్నది మనిషికి సంబంధించిన సంగతి కానే కాదు, టికెట్టుకు సంబంధించినది. సభ్యుడిలో బూలియన్ పెట్టిన రోజే డిజైను తప్పింది. రెండు టికెట్ల ఆసామి మొదటిసారి పాడగానే ఆ ప్రోగ్రాము ఆయన్ని రెండోసారి పాడనివ్వలేదట. అక్కడి గుమాస్తా ఆయన పేరుకు చివర ‘రెండు’ అని తగిలించి ఇంకో సభ్యుడిగా చేర్చి పని గడిపాడు. వాడేవారు ఇలాంటి ఉపాయాలు పన్నుతున్నారంటే మన క్లాసుల్లో ఒకటి తక్కువైందని అర్థం. టికెట్ అనే క్లాసు మాకు గుమాస్తా నోట ఎప్పటినుంచో వినబడుతూనే ఉంది, మేమే వినలేదు.

ఇప్పుడు తిరిగి గీద్దాం. చిట్టీ గ్రూపు అనే క్లాసు తన టికెట్లనూ, జరిగిన పాటలనూ తన లోపలే ఉంచుకుంటుంది. బయటివారికి ఇచ్చేది క్రియలు: ఈ నెల పాటను ఈ టికెట్ మీద, ఇంత తగ్గింపుతో ముగించు, ఈ టికెట్టుకు జామీను అందింది, ఈ టికెట్టుకు ఇవ్వవలసిన డబ్బు విడుదల చెయ్యి, ఈ టికెట్టును ఫలానా వ్యక్తి పేరుకు మార్చు. పాట ముగించే మెథడు లోపల అన్ని తనిఖీలూ జరుగుతాయి. ఆ టికెట్ ఇంతకుముందు పాడలేదు కదా? ఈ నెల పాట ఇంకా ముగియలేదు కదా? మొదటి నెల చిట్టీ తగ్గింపు లేకుండా ఫోర్‌మన్‌కే చెందుతుంది కాబట్టి ఆ నెలలో పాట అడిగితే ఒప్పుకోకూడదు. చివరి నెలలో మిగిలేది ఒక్క టికెట్టే కాబట్టి అక్కడ పోటీయే లేదు. అన్నీ కుదిరాకే టికెట్ స్థితి, పాటల జాబితా, అందరి డివిడెండూ ఒక్కసారిగా మారతాయి. సగం మారి సగం మారని దశ బయటివారికి ఎన్నడూ కనబడదు.

ఆబ్జెక్టును, అంటే క్లాసు మూసలోంచి వచ్చే ఒక్కొక్క వస్తువును, సృష్టించే కన్‌స్ట్రక్టరు సంగతి కూడా ఇదే. 20 టికెట్లూ 18 నెలలూ ఉన్న చిట్టీ గ్రూపు అనేది లోకంలో లేదు. కాబట్టి మెమరీలో కూడా ఉండకూడదు. ముందు ఖాళీగా ఆబ్జెక్టును సృష్టించి, తరువాత ఒక్కొక్క సెట్టరుతో నింపుకుంటూ పోయే పద్ధతిలో, నింపడం ఎక్కడ పూర్తయిందో ఎవరికీ తెలియదు. ఆబ్జెక్టులను డేటాబేసులో నిలవచేసే హైబర్నేట్ వంటివి ఖాళీ కన్‌స్ట్రక్టరు అడుగుతాయి కదా అని మీరు అనవచ్చు. అడుగుతాయి, కాని అది అందరికీ తెరవకుండా ప్రొటెక్టెడ్‌గా ఉన్నా వాటికి చాలు, ఫీల్డులను అవి నేరుగానే నింపుకోగలవు. డేటాబేసు పేరు చెప్పి సెట్టర్లన్నీ పబ్లిక్ చేయడం ఎవరూ అడగని కప్పం కట్టడమే.

డబ్బు దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. మొత్తాలను డబుల్‌లో, అంటే దశాంశాలను సుమారుగా నిలవచేసే రకంలో, ఉంచకూడదని మీకందరికీ తెలుసు. సున్నా పాయింట్ ఒకటికి సున్నా పాయింట్ రెండు కలిపితే డబుల్‌లో 0.30000000000000004 వస్తుంది. అందుకని పైసలను పూర్ణాంకాల రకమైన లాంగ్‌లోనో, మొత్తాన్ని కచ్చితమైన దశాంశాల రకమైన బిగ్ డెసిమల్‌లోనో ఉంచుతాం. అది అవసరమే గాని సరిపోదు. ఒక మెథడుకు లాంగ్ ఒకటి ఇస్తే అవి రూపాయలా పైసలా అన్నది ఆ అంకె చెప్పదు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరులో అంగారకుడి దగ్గర నాశనమైంది ఇలాంటి పొరపాటు వల్లనే. నేలమీది సాఫ్ట్‌వేరు ఒకటి పౌండ్ ఫోర్స్ సెకన్లలో అంకెలు ఇచ్చింది, తీసుకున్న ప్రోగ్రాము వాటిని న్యూటన్ సెకన్లనుకుంది. అంకె ఒక్కటే ప్రయాణం చేసింది, ప్రమాణం వెనకే ఉండిపోయింది. ‘మొత్తం’ అనే చిన్న క్లాసు రాసుకుంటే రూపాయలకు పైసలు కలిసే అవకాశమే పోతుంది.

ఇప్పుడు తగ్గింపు 25,000 కాకుండా 25,010 రూపాయలనుకోండి. కమీషన్ 5,000 పోతే 20,010 మిగులుతుంది. ఇరవైతో భాగిస్తే తలా వెయ్యి రూపాయల యాభై పైసలు. కార్యాలయంలో పైసలు లేకుండా రూపాయలకు సవరించుకుంటారు. కిందికి సవరిస్తే తలా నాలుగు వేల చొప్పున 80,000 వసూలవుతుంది. ఇవ్వవలసింది 74,990కి 5,000 కలిపి 79,990 మాత్రమే. పది రూపాయలు మిగులు. పైకి సవరిస్తే 79,980 వసూలై పది రూపాయలు లోటు. ఆ పది రూపాయలు ఎక్కడికి పోవాలి? పాత ప్రోగ్రాములో భాగహారం నాలుగు చోట్ల ఉంది: రసీదులో ఒక రకంగా, లెడ్జరులో ఇంకో రకంగా. అందువల్ల నెలాఖరున చిల్లర తేడాల ఖాతా అని ఒకటి తెరిచి, తేడాలన్నీ అందులో పోసేవారు. ‘మొత్తం’ క్లాసులో ‘పంచు’ అనే మెథడు పెట్టి, అది ఇచ్చే భాగాలన్నీ కూడితే అసలు మొత్తం తప్పక రావాలన్న నియమాన్ని దానికే అప్పగిస్తే ఈ గొడవ లేదు. మిగిలిన పది రూపాయలను మొదటి పది టికెట్లకు రూపాయి చొప్పున ఇస్తుందో, వచ్చే నెలకు తోస్తుందో, ఒప్పందం ఎలా చెబితే అలా ఒక్కచోటే రాస్తాం. భాగహారం గుర్తును ‘మొత్తం’ క్లాసు అసలు బయటికి ఇవ్వనే ఇవ్వదు. క్లాసు ఏమి చేయగలదో ఎంత ముఖ్యమో, ఏమి చేయనివ్వదో అంతే ముఖ్యం.

‘మొత్తం’ వంటి క్లాసులను ఒకసారి సృష్టించాక మార్చలేనట్టుగా చేయండి. ఎందుకో చెప్పడానికి జావాలోని పాత డేట్ క్లాసు చాలు. దానిలో జనవరి సున్నా, సంవత్సరం 1900 నుంచి లెక్క. అవి చికాకులే తప్ప ప్రమాదాలు కావు. ప్రమాదం ఏమిటంటే దాన్ని మార్చవచ్చు. చిట్టీ గ్రూపు తన ప్రారంభ తేదీని ప్రైవేటుగా దాచుకొని, సెట్టరు కూడా పెట్టకుండా, ఒక్క గెట్టరు మాత్రమే ఇచ్చిందనుకోండి. ఆ గెట్టరు ద్వారా తేదీ పుచ్చుకున్నవారు, నోటీసు తయారుచేస్తూ దానికి ఒక నెల కలిపారు. వారి ఉద్దేశంలో అది వారి దగ్గరున్న తేదీ. నిజానికి రెండు చోట్లా ఉన్నది ఒకే ఆబ్జెక్టు. చిట్టీ ప్రారంభమే ఒక నెల జరిగిపోయింది, గడువులన్నీ దాని వెంట నడిచాయి. ప్రైవేట్ అన్న మాట ఫీల్డు పేరును కాపాడుతుంది గాని, ఆ ఫీల్డు చూపే వస్తువును కాపాడదు. 2014లో జావా 8తో వచ్చిన లోకల్ డేట్‌కు నెల కలిపితే కొత్త తేదీ వస్తుంది, పాతది అలాగే ఉంటుంది. టికెట్ల జాబితాను గెట్టరు నుంచి యథాతథంగా ఇచ్చేసినా జరిగేది ఇదే. పుచ్చుకున్నవారు అందులోంచి ఒక టికెట్టును తీసేయగలరు.

ఇక ఇన్‌హెరిటెన్స్, అంటే ఒక క్లాసులో ఉన్నదాన్ని వారసత్వంగా పుచ్చుకొని ఇంకో క్లాసు రాయడం. కళాశాలలో దీనికి ఎక్కువ గంటలు కేటాయిస్తారు. పనిలో దీని అవసరం తక్కువ. పాడినవారు, పాడనివారు అని చందాదారులు రెండు రకాలు కదా, చందాదారు అనే క్లాసుకు రెండు సబ్‌క్లాసులు రాద్దామని ఒక కుర్రవాడు నాతో వాదించాడు. వినడానికి బాగుంది. కాని ఏడో నెల సాయంత్రం పాట ముగిసిన క్షణంలో ఏం జరగాలి? జావాలో ఒక ఆబ్జెక్టు పుట్టిన క్లాసును వదిలి ఇంకో క్లాసులోకి పోలేదు. పాత ఆబ్జెక్టును పారేసి కొత్తది సృష్టించాలి, పాతదాన్ని పట్టుకున్న ప్రతివారికీ కబురు పంపాలి. కాలంతో మారేది స్థితి. దాన్ని ఆబ్జెక్టు లోపల ఉంచాలి. పుట్టినప్పటినుంచి చివరిదాకా మారని తేడా ఉంటేనే సబ్‌క్లాసు గురించి ఆలోచించాలి, అప్పుడైనా కంప్యూటర్ శాస్త్రవేత్త బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగంలో చెప్పి, 1994లో జెనెట్ వింగ్‌తో కలిసి వివరంగా రాసిన షరతు తీరాలి: మాతృ క్లాసు మీద నమ్మకంతో రాసిన ప్రోగ్రాముకు పిల్ల క్లాసును అందిస్తే, ఆ నమ్మకాల్లో ఏదీ వమ్ము కాకూడదు.

ఈ షరతు తప్పినవారిలో జావా లైబ్రరీయే ఉంది. అందులో స్టాక్ క్లాసు, వెక్టర్ అనే జాబితా క్లాసుకు సబ్‌క్లాసు. స్టాక్ అంటే పళ్లాల దొంతర. పైన పెట్టాలి, పైనుంచే తీయాలి. వెక్టర్‌కు మాత్రం మధ్యలో చొప్పించే మెథడ్లున్నాయి, అవన్నీ స్టాక్‌కు వారసత్వంగా వచ్చాయి. దొంతర మధ్యలోంచి పళ్లెం లాగగలిగితే అది దొంతరెలా అవుతుంది? వెక్టర్ కోడును వాడుకోవాలన్న ఆశతో దాని బంధుత్వమంతా మెడకు తగిలించుకున్నారు. స్టాక్ లోపల ఒక వెక్టర్‌ను ఫీల్డుగా దాచుకొని ఉంటే నాలుగు మెథడ్లు చాలేవి. అది ఎంతోమంది వాడే లైబ్రరీ కాబట్టి ఇప్పుడు సరిదిద్దే దారి లేదు. దీని బదులు డెక్ అనే ఇంకో రకం వాడండని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది. బంధుత్వం కలుపుకోవడం తేలిక, తెంచుకోవడం కష్టం, క్లాసులకైనా.

మాతృ క్లాసు లోపల ఏం జరుగుతుందో కూడా పిల్ల క్లాసుకు అంటుకుంటుంది. వస్తువుల సమూహాన్ని ఉంచుకొనే హ్యాష్‌సెట్‌ను సబ్‌క్లాసు చేసి, ఎన్ని వస్తువులు చేర్చారో లెక్కపెట్టాలని యాడ్, యాడ్‌ఆల్ మెథడ్లు రెండింటినీ ఓవర్‌రైడ్ చేసి, అంటే సబ్‌క్లాసులో తిరగరాసి, చూడండి. మూడు వస్తువులను యాడ్‌ఆల్‌తో చేర్చితే లెక్క ఆరు చూపిస్తుంది, ఎందుకంటే మాతృ క్లాసులోని యాడ్‌ఆల్ లోపల మళ్లీ యాడ్‌నే పిలుస్తుంది. ఆ సంగతి బయటివారికి చెప్పవలసిన అవసరం లేని ఇంటి గుట్టు. సబ్‌క్లాసు రాసినవారికి మాత్రం తెలియక తప్పదు. పార్నస్ దాచమన్నదాన్ని ఇన్‌హెరిటెన్స్ ఇలా బయటపెడుతుంది.

ఇంతవరకు ఏమి లోపల ఉండాలో చెప్పాను. ఏమి ఉండకూడదో కూడా కొంచెం చెప్పాలి, లేకుంటే మీరు చిట్టీ గ్రూపునే కొత్త చిట్ మేనేజర్ చేసేస్తారు. రసీదు అచ్చువేయడం, సభ్యులకు ఎస్సెమ్మెస్ పంపడం, డేటాబేసులో నిలవచేయడం వంటి పనులు చిట్టీ గ్రూపుకు అక్కర్లేదు. ఆ పనులు మారినా చిట్టీ నియమాలు మారవు. రసీదు రాసే క్లాసు చిట్టీ గ్రూపును అడిగి తెలుసుకుంటుంది, చిట్టీ గ్రూపుకు రసీదు అనేది ఒకటి ఉందని కూడా తెలియదు. ఈ రోజు తేదీ ఎంతో కూడా అది గడియారం చూసి తెలుసుకోకూడదు. గడువు దాటిందా అని అడిగేవారే తేదీని చేతికివ్వాలి. అలా అయితేనే ఫిబ్రవరి 29ని ఆగస్టులో పరీక్షించగలం. ఇక ప్రతి క్లాసుకు ముందు ఒక ఇంటర్‌ఫేసు (ఏ మెథడ్లు ఉండాలో మాత్రమే చెప్పే జాబితా), ఒక్కటే అమలుతో, అలవాటుగా పెట్టేవారున్నారు. రెండో అమలు కళ్లెదుట కనబడేదాకా ఆగండి. ఖాళీ కుర్చీకి దండ వేయడం ఎందుకు?

చివరగా, ఈ రెండు డిజైన్లకూ నిజంగానే ఒక పరీక్ష ఎదురైంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టాన్ని పార్లమెంటు 2019లో సవరించి, ఫోర్‌మన్ కమీషన్ గరిష్ఠ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది. మన ఏడో నెల పాటకే 7 శాతం వేసి చూడండి: కమీషన్ 7,000, పంచేది 18,000, తలా 900, కట్టవలసింది 4,100, ఇరవై మందివి కలిపితే 82,000. పాత డిజైనులో 5 అనే అంకె ఎన్ని చోట్ల ఉందో వెతకాలి. అందులో కొన్ని కమీషన్ శాతాలు, కొన్ని వేరే ఏవో అయిదులు. కొత్త డిజైనులో కమీషన్ శాతం చిట్టీ గ్రూపు కన్‌స్ట్రక్టరులోకి దాని ఒప్పందంతో పాటే వస్తుంది. అయిదుతో మొదలైన గ్రూపు అయిదుతోనే ముగుస్తుంది, కొత్తది తన ఒప్పందంలోని శాతంతో మొదలవుతుంది, రెండూ ఒకే రోజు ఒకే ప్రోగ్రాములో నడుస్తాయి. గరిష్ఠ పరిమితి తనిఖీ ఒక్కటే ఒక్క పంక్తిలో మారుతుంది.

అదే సవరణ పేర్లను కూడా మార్చింది. చిట్ అమౌంట్ గ్రాస్ చిట్ అమౌంట్ అయింది, ప్రైజ్ అమౌంట్ నెట్ చిట్ అమౌంట్ అయింది, డివిడెండ్ షేర్ ఆఫ్ డిస్కౌంట్ అయింది. క్లాసుల పేర్లు వ్యవహారంలోని మాటలతోనే ఉండాలని మేము పట్టుబట్టి పెట్టుకున్నాం కాబట్టి, చట్టం మారగానే మా క్లాసుల పేర్లు పాతబడ్డాయి. ఎడిటరు సాయంతో వాటిని మార్చడం ఒక మధ్యాహ్నం పని. కాని పాటకు వచ్చినవారు ఇప్పటికీ ‘ఈ నెల డివిడెండెంత?’ అనే అడుగుతున్నారు. అందుకని కోడులో చట్టం పేరు ఉంచి, తెర మీద జనం పేరు చూపించాం. ఆ రెండో పేరు చిట్టీ గ్రూపుకు తెలియదు, రసీదు రాసే క్లాసుకు మాత్రమే తెలుసు.

ఇక మీ ప్రశ్నలు వింటాను.